మన నువ్వులతోనే తాహినీ సాస్

బగారా బైంగన్ వండే ఇంటికి నువ్వుల ముద్ద కొత్త కాదు. వేయించిన నువ్వులు, పల్లీలు, కొబ్బరి కలిపి నూరి, చింతపండు పులుసు పోసి ఉడికిస్తాం. తాహినీ అంటే అరబ్బుల నువ్వుల ముద్ద, అందులో నువ్వులొక్కటే. దానితో చేసే సాస్‌లో పులుపు నిమ్మకాయది, పొయ్యి ఎక్కించే పనే లేదు. లెబనాన్, సిరియా, పాలస్తీనా వైపు రోజూ తినే ఈ సాస్‌ని హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మా ఇంట్లో మిక్సీలోనే చేసుకుంటున్నాం. దిగుమతి సీసా ధర చూశాక మళ్లీ కొనబుద్ధి కాలేదు.

నువ్వులు బేగంబజార్‌లో తెస్తాను. పొట్టు తీసినవే కావాలి. పొట్టున్నవి నువ్వుల పొడికి బాగుంటాయి కానీ తాహినీకి చేదు తెస్తాయి. కొనే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలండి. నువ్వుల్లో దాదాపు సగం నూనే కాబట్టి, పాత సరుకైతే కనరు అక్కడే తెలిసిపోతుంది.

ఒక కప్పు నువ్వుల్ని మందపాటి మూకుడులో సన్నని సెగ మీద వేయించాలి. వేళ్ల మధ్య నలిపితే ఇట్టే నలిగి, కమ్మటి వాసన రాగానే పళ్లెంలోకి తీసేయాలి. ఎర్రబడేదాకా ఉంచకూడదు. చల్లారాక చట్నీ జార్‌లో తిప్పితే ముందు పొడి అవుతుంది, తర్వాత అంచులకు అంటుకుంటుంది. గీకి, రెండు మూడు చెంచాల నూనె పోసి, ఆపి ఆపి తిప్పుతూ ఉంటే దోసెపిండిలా జారుతుంది. అంతే తాహినీ. ఫ్రిజ్‌లో నెల రోజులు హాయిగా ఉంటుంది. నూనె పైకి తేలితే కలుపుకోవాలి, పారబోయకండి.

సాస్‌కి రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి, ఒక నిమ్మకాయ రసం, కాస్త ఉప్పు కలిపి పది నిమిషాలు పక్కన పెడతాను. పులుపు తగిలితే వెల్లుల్లి ఘాటు బాగా తగ్గుతుంది. ఆ రసాన్ని వడకట్టి అరకప్పు తాహినీలో పోసి కలుపుతాను. ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. అప్పటిదాకా జారుగా ఉన్నది ఒక్కసారిగా బిగుసుకుపోయి, పలుకులు పలుకులుగా తయారవుతుంది. మొదటిసారి చూసి మా అత్తమ్మ, "అయ్యో, ఇరిగిపోయిందా బిడ్డా?" అన్నారు. "లేదత్తమ్మా, ఇంకిన్ని నీళ్లు పడితే అదే సర్దుకుంటది" అన్నాను.

నువ్వుల్లోని పిప్పి ముందు ఆ కాస్త తడిని పీల్చుకుని గట్టిపడుతుంది. భయపడి నూనె పోయకండి. చల్లటి నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ గిలకొట్టండి. చూస్తుండగానే ముద్ద వదులై, గోధుమ రంగు పోయి తెల్లగా, నున్నగా తిరుగుతుంది. చెంచా ఎత్తితే తీగలా జారాలి. ఉప్పు చివర్లో మళ్లీ చూసుకోండి, నీళ్లు పడ్డాక తప్పకుండా తగ్గుతుంది.

మా ఇంట్లో దీనికి మంచి జోడీ కాల్చిన వంకాయ. మంట మీద నల్లగా కాల్చి, తొక్క తీసి, మెదిపి, ఈ సాస్ కలిపితే అరబ్బుల బాబా గనూష్ దగ్గరికి వస్తుంది. అత్తమ్మ అందులో పచ్చిమిర్చి దంచి వేసి జొన్నరొట్టెతో తింటారు. నాకూ అదే ఇష్టం.

ఇక షవర్మా, అంటే రొట్టెలో చుట్టిన మాంసం. మన దగ్గర అందులో వేసే, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాది పాటు నిషేధించినప్పుడు, పిల్లలకు ఇంట్లోనే చికెన్ చుట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. అరబ్బు దేశాల్లో మాంసం షవర్మాకి పడేది చాలాచోట్ల తాహినీ సాసే. మాంసం కొవ్వుకి ఆ నిమ్మ పులుపు సరిగ్గా సరిపోతుంది. మా పిల్లలు ఇప్పుడు మయోనైజ్ అడగడం లేదు.

నీళ్లు కలిపిన సాస్ మాత్రం మూడు నాలుగు రోజులకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో చిక్కబడితే చెంచాడు నీళ్లు చాలు. కొంతమందికి నువ్వులు అస్సలు పడవు కాబట్టి, చుట్టాలకు వడ్డించే ముందు ఒక మాట అడగండి.