తలుపు రంగు

పదకొండు దాటింది. ఆఖరి చుక్కలు వేసి మా సారు పడుకున్నారు. నాకు నిద్ర రావట్లేదు.

పొద్దున వదిన దేవరకొండ నుంచి దిగింది. గడప దాటకముందే "రెండు కండ్లు ఒక్కనాడే కోయించుకుంటరా ఎవలన్న? ఏమన్నయితే ఒకటన్న మిగలాలె గద!" అంది. నాకు శుక్లాల ఆపరేషనై 18 రోజులు. ఇంకా ఏదో ఒకటి కాకపోతుందా అని చూస్తోంది మనిషి. పప్పు తినకు చీము పడుతుంది, వంకాయ తినకు దురద పుడుతుంది అని ఒకటే చెప్పడం. తీరా ఆమె తెచ్చిన సంచి విప్పితే కిలో వంకాయలు.

నిజమే, మామూలుగా ఒక కన్ను చేసి, కొన్ని వారాలు ఆగి రెండోది చేస్తారు. ఇన్‌ఫెక్షన్ వస్తే రెండూ పోతాయని భయం. అందుకే నా రెండో కంటిని వేరే పేషెంటులా చూశారు. మొహం మీది గుడ్డతో సహా అన్నీ తీసేశారు. మళ్లీ చేతులు కడుక్కున్నారు, కొత్త గౌను, కొత్త పనిముట్లు, వేరే బ్యాచ్ మందులు. మొదటి కంట్లో చిన్న తేడా వచ్చినా రెండోది ముట్టుకోనని డాక్టరమ్మ ముందే చెప్పారు. చిన్నదానికి దొరికింది నాలుగు రోజుల సెలవు. హైదరాబాదుకు రెండుసార్లు తిరిగే ఓపిక మా సారుకు లేదు. ఇదంతా చెప్తే వదిన విని "ఏమో" అంది. ఆ "ఏమో"కి ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

చుక్కల గోల సరేసరి. రెండు సీసాలు, రెండు కళ్లు, సీసాకూ సీసాకూ మధ్య ఐదు నిమిషాలు. మొదటివారం రోజుకు ఆరుసార్లు, ఇప్పుడు నాలుగు. మా సారు వేస్తే ఒక చుక్క బుగ్గ మీద, ఇంకోటి చెవిలో. తలస్నానం లేక నెత్తంతా జీడిపాకం.

చూపు బాగుంది. గోడమీది కేలెండర్‌లో తిథి మంచం మీంచే చదువుతున్నా.

నిద్ర చెడగొడుతున్నది మాత్రం ముందుగది తలుపు. 2021లో చిన్నదాని పెళ్లికి రంగులు వేయించాం. తలుపుకి నీలం వేయమన్నా. సాయంత్రం చూస్తే ఆకుపచ్చ, అదీ మురికి పచ్చ. "నీలమే మేడం, డబ్బ మీద చూడుండ్రి" అన్నాడు పెయింటర్. డబ్బా మీది చుక్క కూడా నాకు పచ్చగానే కనిపించింది. మా సారును పిలిస్తే "రెండూ కలిసినట్టుంది" అని జారుకున్నారు. కూలిలో 500 కోసిచ్చా. అతను మెట్టు మీద కూర్చుని, రంగంటిన కుడిచేతిని కిరసనాయిలు గుడ్డకి రుద్దుకుంటూ, నోట్లు ఎడమచేత్తో అందుకున్నాడు. ఎడమచేత్తో తీసుకున్నాడని దానికీ కోపమొచ్చింది నాకు.

ఆపరేషన్ మర్నాడు నల్లగొండ వచ్చి ఆటో దిగితే ఎదురుగా తలుపు. సిరాబుడ్డి ఒలికినంత నీలం.

వయసుతో కంట్లో కటకం పసుపెక్కుతుంది, నీలాన్ని లోపలికి సరిగా రానివ్వదు. 30 ఏళ్లు పిల్లలతో కన్ను బొమ్మ గీయించిన సైన్సు టీచర్ని, నా కన్ను మీద నాకే అనుమానం రాలేదు. మా సారు పచ్చకామెర్ల సామెత ఎత్తుకోబోయి నా మొహం చూసి ఆపేశారు.

పొద్దున వదినతో అంత వాదించానా, ఇప్పుడు ఆమె మాటే పట్టుకుంది. ఒకటన్న మిగలాలె గద. ఒక పాత కన్నుంటే, ఇది మూసి దాంతో తలుపు చూసేదాన్ని. అప్పుడు నిజంగా పచ్చగానే కనిపించిందా, పెళ్లి ఖర్చులకు చేతిలో డబ్బులాడక 500 కోసం నేనే పచ్చ అన్నానా? అడుగుదామంటే పాత కటకాలు రెండూ ఒక్క పూటలో పొడై గొట్టంలోంచి పోయాయి. కాదులే, పచ్చగానే కనిపించింది, నాకు బాగా గుర్తు. డబ్బా మీది చుక్క కూడా గుర్తే. అనుకుంటా.

500 ఫోన్‌పే చేయమంటుంది చిన్నది. ఇన్నేళ్ల తర్వాత ఏమని పంపను? దగ్గరి చూపుకి అద్దాలు ఇంకా రాయలేదు, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని నంబరు వెతికా. ఉంది. 'పచ్చ పెయింటర్' అని సేవ్ చేసుకున్నా.