ప్రోటీన్‌లో ఉన్నది జింకా నికెలా: తేల్చుకున్న తీరు

పీహెచ్‌డీలో నా చేతికొచ్చింది ఒక బ్యాక్టీరియా కార్బానిక్ యాన్‌హైడ్రేజ్. మన ఎర్ర రక్తకణాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని బైకార్బనేట్‌గా మార్చే ఎంజైమ్ ఉంది కదా, అదే కుటుంబం. ఆల్ఫా రకం కాబట్టి నడుమ జింక్ ఉండాలి, దాన్ని మూడు హిస్టిడిన్లు (ప్రోటీన్‌లో ఉండే ఒక రకం అమైనో ఆమ్లం) పట్టుకోవాలి, నాలుగో వైపు నీటి అణువు. పనంతా నడిపేది ఆ జింకే, అందుకే అక్కడున్న లోహం ఏంటో ఊహించుకుని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు.

చిక్కెక్కడంటే మేం ప్రోటీన్‌ని శుద్ధి చేసేది నికెల్ కాలమ్ మీద. ప్రోటీన్‌కి తగిలించిన హిస్టిడిన్ల తోక, అంటే హిస్ ట్యాగ్, నికెల్‌కి అతుక్కుంటుంది, ఆ పట్టు విడిపించే ఇమిడజోల్ పోసి దింపుతాం, దాంతోపాటే కాస్త నికెల్ కూడా దిగొచ్చి జింక్ చోట్లో కూర్చునే అవకాశం ఉంది.

ఆ లోహాన్ని ఎక్స్‌రేలతో చూడాలంటే ముందు ప్రోటీన్ క్రిస్టల్స్ కావాలి. వాటి కోసం కవర్ స్లిప్‌కి (పల్చని గాజు పలక) ప్రోటీన్ చుక్క వేలాడదీసి కింద అమ్మోనియం సల్ఫేట్ పెట్టేదాన్ని, చుక్కలో నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి మైక్రోస్కోప్ కింద అంచులు పదునుగా ఉన్న క్రిస్టల్ కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. గ్లిజరాల్‌లో ముంచి, చిన్న లూప్‌తో ఎత్తి, లిక్విడ్ నైట్రోజన్‌లో పెట్టి ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కి (శక్తిమంతమైన ఎక్స్‌రేలిచ్చే పెద్ద యంత్రం) తీసుకెళ్ళాం.

మామూలు ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాప్‌లో (ఎక్కడ ఎన్ని ఎలక్ట్రాన్లు గుమిగూడాయో చూపేది) హిస్టిడిన్ల మధ్య పెద్ద పీక్ ఉంది, అంటే లోహం ఉన్నట్టే. కానీ జింక్‌కి 30 ఎలక్ట్రాన్లు, నికెల్‌కి 28, ఆ రెండింటి తేడా మ్యాప్ చూసి చెప్పడం కుదరదు. ఇక్కడే ఎక్స్‌రే శక్తిని మార్చుకునే వీలు అక్కరకొచ్చింది. ఒక లోహం ఎక్స్‌రేలని ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకోవడం మొదలయ్యే శక్తిని కే-ఎడ్జ్ అంటారు. జింక్ కే-ఎడ్జ్ 9.66 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, నికెల్‌ది 8.33. మేం జింక్ ఎడ్జ్‌కి కాస్త పైన ఒక డేటా, కాస్త కింద ఇంకో డేటా తీశాం. నికెల్ అయితే రెండు శక్తులూ దాని ఎడ్జ్‌కి పైనే కాబట్టి అనామలస్ మ్యాప్‌లో (అలా పీల్చుకునే అణువులు ఎక్కడున్నాయో చూపే మ్యాప్) పీక్ రెండిట్లోనూ గట్టిగా ఉండాలి. మాకు పైదాంట్లో నిటారుగా నిలబడిన పీక్ కిందిదాంట్లో దాదాపు మాయం! జింకే.

తర్వాత దూరాలు కొలిస్తే హిస్టిడిన్ నైట్రోజన్లు లోహానికి 2.0 నుంచి 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒకటి మీటరులో వెయ్యి కోట్లో వంతు) దూరంలో ఉన్నాయి, అమరిక టెట్రాహెడ్రల్ (నాలుగు మూలల ఆకారం), జింక్‌కి సరిగ్గా సరిపోయేది. అయితే దూరాలొక్కటే చూపిస్తే నేనైతే నమ్మను. అందుకే ప్రోటీన్ నిర్మాణాలని అందరికీ అందుబాటులో దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్‌కి పంపేటప్పుడు రెండు శక్తుల డేటా కూడా కలిపే పెట్టాం.