పీ100 ఆలస్యమైందా? నరాన్ని అనుమానించే ముందు

తెర మీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటే, మారిన ప్రతిసారీ తల వెనక భాగంలో సుమారు 100 మిల్లీసెకన్లకు ఒక విద్యుత్ అల లేస్తుంది. అదే పీ100. కంటి నరం మీద తొడుగులా ఉండి సంకేతాన్ని వేగంగా పోనిచ్చే మైలిన్ పొర దెబ్బతింటే ఆ అల వెనకబడుతుంది. చూపుకు మెదడు ఇచ్చే ఈ అలను కొలిచే వీఈపీ పరీక్షకున్న విలువంతా అక్కడే. అయితే అల వెనకబడాలంటే నరమే పాడవనక్కర్లేదు. పాత కళ్లజోడు చాలు, నిద్రమత్తు చాలు, ఎవరూ పరీక్షించి చూడని మానిటర్ చాలు.

ముందు తల సంగతి. మన వైపు పిల్లల్ని ఆస్పత్రికి తెస్తున్నారంటే నూనె రాసి నున్నగా దువ్వి మరీ తెస్తారు. ఆ నూనె మీద అలను అందుకునే ఎలక్ట్రోడ్ ఎంత అదిమినా పట్టదు. 'తలస్నానం చేయించి తీసుకురండి' అని ఊరుకుంటే చేయించి, ఆరాక మళ్లీ నూనె పెడతారు. కుంకుడుకాయో షాంపూనో పెట్టి తలంటి, ఆ తర్వాత చుక్క నూనె తగలనివ్వొద్దని ముందురోజే విడమరిచి చెప్పాలి. ఇంపిడెన్స్, అంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకు కలిగే అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, అన్ని ఎలక్ట్రోడ్లదీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 2, ఇంకొకటి 9 ఉంటే ఆ తేడాలోంచే కరెంటు రొద దూరుతుంది.

టేపుతో ముక్కు మొదలు నుంచి నడినెత్తి మీదుగా తల వెనక ఎముక బొడిపె దాకా కొలవండి. 34 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. బొడిపె నుంచి పైకి పది శాతం, అంటే 3.4 సెంటీమీటర్ల దగ్గర అలను పట్టే ఎలక్ట్రోడ్ చోటు, ఓజెడ్. ముక్కు మొదలు నుంచి ముప్పై శాతం, 10.2 దగ్గర దానితో పోల్చి చూసే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చోటు, ఎఫ్‌జెడ్. రెండు జడల ఆడపిల్లకు వెనక పాపిట ఓజెడ్ మీదుగానే పోతుంది కాబట్టి చర్మం సులువుగా దొరుకుతుంది. పాపిట వంకరగా తీసుంటే మాత్రం టేపునే నమ్మండి. పెంచలకోనలో గుండు చేయించుకుని వచ్చిన పిల్లవాడైతే సగం పని తప్పినట్టే. కత్తి గాట్లున్న చోట గరుకు పేస్టు పెట్టి రుద్దకండి.

రోహిణి కార్తె ఎండల్లో చెమటకు గీత మొత్తం పైకీ కిందికీ ఊగుతుంది. ఏసీ వేసి, పిల్లవాడికి ఒళ్లు ఆరేదాకా ఆగడమే మందు.

ఇక తెర. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇలాంటి కంటి పరీక్షలకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంఘం ఐసెవ్ ప్రమాణం ప్రకారం రెండు సైజుల గళ్లు కావాలి: ఒక డిగ్రీవి, పావు డిగ్రీవి. మీటరు దూరంలో కూర్చోబెడితే పెద్ద గడి భుజం 1.75 సెంటీమీటర్లు, చిన్నది 4.4 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి చూసుకోండి, సాఫ్ట్‌వేర్ చెప్పిందని వదిలేయకండి. గళ్ల మేర కనీసం 15 డిగ్రీలు, అంటే అదే దూరంలో 26 సెంటీమీటర్లకు పైగా ఉండాలి. 60 హెర్ట్జ్ ఎల్‌సీడీ తెర బొమ్మను పైనుంచి కిందికి గీస్తుంది. పై అంచు మారాక నడిమికి రావడానికే 8 మిల్లీసెకన్లు. మానిటర్ లోపలి ఆలస్యం దీనికి అదనం. తెర నడుమ వెలుగు మార్పును పట్టే ఫోటోడయోడ్ అంటించి, ట్రిగ్గర్‌కీ (గడి మార్చమని యంత్రం ఇచ్చే సంకేతానికీ) గడి నిజంగా మారడానికీ మధ్య ఎంత పడుతుందో కొలిచి, ఆ అంకెను పీ100 సమయంలోంచి తీసేయాలి. ఇది చేయకుండా పుస్తకంలోని నార్మల్ పట్టికతో పోల్చి, బాగున్న పిల్లకు నరం జబ్బని రాయడం నా దృష్టిలో క్షమించరాని పని.

సెకనుకు సరిగ్గా రెండు మార్పులు పెట్టడం ఇంకో చిక్కు. 500 మిల్లీసెకన్లలో మన 50 హెర్ట్జ్ కరెంటు నిండా 25 చుట్లు తిరుగుతుంది. ప్రతి మార్పుకూ రొద దాదాపు అదే చోట పడుతుంది కాబట్టి ఎన్నిసార్లు సగటు తీసినా సరిగా పోదు. 60 హెర్ట్జ్ తెర మీద 30 ఫ్రేములకు బదులు 32 ఫ్రేములకోసారి మార్చండి. వ్యవధి 533.3 మిల్లీసెకన్లవుతుంది, అందులో 26 చుట్లు, మూడింట రెండొంతులు. వరుసగా మూడు మార్పులు కలిస్తే రొద తనను తానే కొట్టేసుకుంటుంది. వేగం సెకనుకు 1.875, ప్రమాణం ఒప్పుకునే 1.8–2.2 లోపలే. పరీక్ష మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే ఆ రికార్డు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్కో కన్ను విడిగా, రెండోది పూర్తిగా మూసి చూడాలి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే చూడాలి. అది లేకపోతే ముందు దెబ్బతినేది చిన్న గళ్ల అలే. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన రోజున గళ్ల పరీక్ష వద్దు. కంటి డాక్టరు దగ్గరికీ మీ దగ్గరికీ ఒకే రోజు రప్పిస్తే, వీఈపీ ముందు, చుక్కలు తర్వాత. ఉదయగిరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కించిన పిల్లవాణ్ణి దిగీదిగగానే కూర్చోబెడితే చూపు తెర మీద నిలవదు, అల కుంగుతుంది. ముందు టిఫిన్ పెట్టించండి.

పసిపిల్లలకు పెద్దవాళ్ల అంకెలు పనికిరావు. మైలిన్ పొర, రెటీనా నడిభాగం ఇంకా తయారవుతూ ఉంటాయి కాబట్టి అల చాలా ఆలస్యంగా వస్తుంది. తొలి ఆరు నెలల్లో పెద్ద గళ్లకు అది గబగబా ముందుకు జరుగుతుంది, చిన్న గళ్లకు ఇంకా కాలం పడుతుంది. అందుకే వయసు నెలల్లో రాయాలి, నెలలు నిండకుండా పుట్టినట్టయితే అది సరిచేసి రాయాలి. తెర ముందు గిలక ఊపడానికి ఒకరు, చూపు పక్కకు పోగానే రికార్డింగ్ ఆపడానికి ఒకరు ఉండాలి. అమ్మ ఒడే మంచి కుర్చీ.

అల ఎత్తు మామూలుగా పది మైక్రోవోల్టుల అటూ ఇటూ ఉంటుంది, మెదడు మామూలు రొద దానికి ఎన్నో రెట్లు. 64 మార్పుల సగటు ఆ రొదను ఎనిమిదో వంతుకు తెస్తుంది. రొద కొట్టేసుకునే మూడేసి మార్పుల లెక్క కుదరడానికి 66 తీసుకోండి. ఒక్కో సైజు గళ్లకూ రెండు సగటులు తీసి ఒకదాని మీద ఒకటి పరచండి. అలలు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే మూడోది తీయండి. అప్పటికీ కుదరకపోతే రిపోర్టులో 'పునరావృతం కాలేదు' అని రాసి, గళ్ల సైజు, దూరం, తెర ఆలస్యం కింద తీసేసిన అంకె దానితోపాటే రాయండి.