గడియారం గీయలేకపోతే మతి పోయినట్టేనా?

నా జ్ఞాపకశక్తి పరీక్షల రెండో రిపోర్టు నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు విల్సన్ వ్యాధి ఉంది. తిండితో ఒంట్లోకి వచ్చిన రాగిలో మిగులుని లివర్ పైత్యరసంలోకి వదిలేయాలి. ఆ పని చూసే ఏటీపీ7బీ అనే జన్యువు నాకు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ చెడిపోయే వచ్చింది. వాళ్ళది మేనరికం. బయటికి పోని రాగంతా ముందు లివర్‌లో, ఆ తర్వాత మెదడులో పేరుకుపోతుంది. డిగ్రీ చదివేటప్పుడు చెయ్యి వణికి, మాట ముద్దయ్యాక గానీ నా సంగతి బయటపడలేదు. మొదట పెనిసిలమిన్, ఇప్పుడు జింక్, మందు ఏనాడూ మానలేదు. అయితే ఈ మధ్య పేర్లు చప్పున తట్టడం లేదు, క్లాసులో లెక్క మధ్యలో ఆగిపోతున్నాను. నాకు 47. మెదడు అప్పుడే ముసలిదైపోతోందా అని టెన్షన్ పట్టుకుని విజయవాడలో చెకప్‌కి వెళ్ళాను.

రక్తపరీక్షతో పేచీ లేదు. నల్లగుడ్డు అంచున రాగి పేరుకుని ఒకప్పుడు కనిపించిన గోధుమరంగు వలయం పోయిందని కంటి డాక్టర్ చెప్పారు. 24 గంటల మూత్రం పట్టడం చిరాకే గానీ కష్టమేం కాదు, ల్యాబ్ వాళ్ళిచ్చిన క్యానే వాడండి. జింక్ వాడేవాళ్ళకి అందులో రాగి 100 మైక్రోగ్రాములు దాటకూడదట. నాకు దాటలేదు.

ఎమ్మారై రిపోర్టులో మాత్రం మెదడు వయసుకు మించి కుంచించుకుందని రాశారు. దాంతో జ్ఞాపకశక్తి పరీక్షకి పంపారు.

పరీక్ష చేసే అమ్మాయి నా మాట ఒక్కసారి విని, ఇక నా వైపు చూడటం మానేసింది. "మేడం, అంకుల్ ఏం చదువుకున్నారు? సంతకం పెట్టగలరా?" అని మా ఆవిడని అడిగింది. "ఎమ్మెస్సీ మ్యాథ్స్. ఆయన ఎదురుగానే ఉన్నారుగా, ఆయన్నే అడగమ్మా" అంది మా ఆవిడ. అయినా అడగలేదు.

వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. 93, 86, 79, 72, 65 అని నా బుర్రలో ఎప్పుడో వరసకట్టేశాయి. ఇంటర్ పిల్లలు క్యాలిక్యులేటర్ బయటికి తీసేలోపు మూడంకెల గుణకారం నోటితో చెప్పేవాణ్ణి నేను, ఇవాళ్టికీ కాగితం లేకుండా చేస్తాను. కానీ నాలుక తిరగాలి కదా! "ఎనభై..." దగ్గర ఉండగానే "పోన్లెండి అంకుల్" అని పేజీ తిప్పేసింది. నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంది. మనసులో జూ పార్కంతా తిరిగొచ్చాను, నోట్లోంచి మాత్రం ఆవు, గేదె, మేక దాటి నాలుగైదు వచ్చేసరికి టైమైపోయింది. ఆ తర్వాత గడియారం గీయమంది. పెన్ను పట్టుకుంటే నా మణికట్టు మెలితిరిగిపోతుంది, అందుకే క్లాసులో బోర్డు వదిలేసి ప్రొజెక్టర్ పెట్టుకున్నాను. సున్నా కోడిగుడ్డులా వచ్చింది, పదీ పదకొండూ గీత బయట పడ్డాయి. ఆ కాగితం పక్క టేబుల్ అమ్మాయికి చూపించి ఇద్దరూ నవ్వుకున్నారు.

డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు అని రాసేశారు. లోపల డాక్టర్ రిపోర్టు మీద నుంచి తల ఎత్తకుండానే, "ఆస్తి కాగితాలు అవీ ఉంటే ఇప్పుడే సర్దుకోండమ్మా" అన్నాడు, నేను పక్క కుర్చీలో ఉండగానే. ముప్ఫై మందిని కూర్చోబెట్టి ఇంటిగ్రేషన్ చెప్పేవాడు ఆ మాట వింటూ కూర్చోవాలి!

మొదట్లో నా జబ్బు పట్టుకున్న పాత డాక్టర్‌గారు రిటైరై సాయంత్రాలు మాత్రం చూస్తున్నారు. మంచం కింద ట్రంకుపెట్టెలో దాచిన పాత ఎమ్మారై ఫిల్మ్‌లు పట్టుకెళ్ళాను. కొత్తవాటి పక్కన పెట్టి లైటు వేసి చూశారు. కుంచించుకోవడం చాలావరకు అప్పుడే ఉంది. "ఇది మందు మొదలెట్టకముందు రాగి చేసిన నష్టమయ్యా, కొత్తగా అరిగింది కాదు" అన్నారు. అందుకే చెప్తున్నాను, పాత ఫిల్మ్‌లు పారేయకండి, సీడీని నమ్ముకోకండి.

ఆయనే హైదరాబాద్ పంపించారు. అక్కడ చేతిపనీ వేగమూ అక్కర్లేని పరీక్షలు విడిగా పెట్టారు, నా మాట పూర్తయ్యేదాకా ఆగారు. విన్న పదాలు సొంతంగా చెప్పమంటే కొన్ని రాలేదు, వాళ్ళు చదివినవాట్లోంచి ఏరమంటే అన్నీ ఏరాను. అంటే లోపల దాచుకున్నది పోలేదు, బయటికి తీయడమే ఆలస్యం. అల్జీమర్స్‌లో అయితే అలా గుర్తు చేసినా పెద్దగా ఉపయోగం ఉండదట. వేగం, ఒకేసారి రెండు పనులు చూసుకోవడం తగ్గాయి. జ్ఞాపకం నా వయసుకి తగ్గట్టే ఉంది. ఏడాది తర్వాత ఇవే పరీక్షలు మళ్ళీ చేసి పోలుస్తామన్నారు.

ఒక మాట. ఇంట్లో ఒకరికి విల్సన్ తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి, ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మా అక్క కామెర్లతో పోయింది, అది ఏ కామెర్లో ఆనాడు ఎవరూ అడగలేదు. రాగి చెంబులో నీళ్ళు మెదడుకి మంచివని వాట్సాప్‌లో పంపే చుట్టాలకి ఒక దండం పెట్టండి. గృహప్రవేశానికి మా బావ ఇచ్చిన రాగి బాటిల్ ఇప్పుడు మనీప్లాంట్‌కి పనికొస్తోంది.

మొదటి ఆసుపత్రికి ఇవాళ ఫోన్ చేశాను. రిపోర్టు సిస్టంలోకి ఎక్కితే మార్చడం కుదరదట, కావాలంటే ఫీజు కట్టి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలట. రెండో రిపోర్టు జతచేసి కంప్లైంట్ ఇచ్చొచ్చాను. నేను చెప్తుంటే మా ఆవిడ టైప్ చేసింది, సంతకం మాత్రం నేనే పెట్టాను.