రెండు నెలలు వేధించిన రాగి వాషరు

మా పెరట్లో చింతచెట్టు కింద ఇప్పుడు నిలబడి ఉన్న టాటామొబైల్ 206 పికప్ బండి, ఏడేళ్లపాటు మా ఊళ్లోనే ఒకరి దొడ్లో కోళ్ల గూడుగా ఉండేది. 1994 మోడలు. లోడు బాడీ మీద తాటాకులు కప్పి, క్యాబిన్‌లో ఎండుగడ్డి పోశారు. కోళ్లు క్లచ్ పెడలు పక్కన గుడ్లు పెట్టేవి. తుక్కు కొనేవాడు వచ్చి బేరమాడి వెళ్లాడని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1996లో మా పెళ్లికి బీరువా, మంచం, ఇత్తడి బిందెలు, సారె డబ్బాలు గన్నవరం నుంచి మోసుకొచ్చింది ఈ బండే. మా తోట రసాలను ఏటా విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్టుకు చేర్చిందీ ఇదే. తెల్లవారగానే మా ఆవిడే, "వెళ్లి మాట్లాడి రండి" అంది. 38,000 రూపాయలకు కొని, ట్రాక్టరుకు తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాను.

నంబరు ప్లేటు మీద ఏపీ 16 అని ఉంటుంది. 2022లో మా నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది కానీ, బండి ఇంకా కృష్ణా జిల్లాదే.

ఈ తరం పిల్లలకు ఈ బండి తెలియదు కాబట్టి ఒక మాట. టాటామొబైల్ 1988లో వచ్చింది. ఇప్పటి టాటా మోటార్స్ కంపెనీని అప్పట్లో అందరూ టెల్కో అనే పిలిచేవారు. నాలుగు సిలిండర్ల 1948 సీసీ డీజిల్ ఇంజను. 1990ల మొదట్లో వచ్చిన సియెరా, ఎస్టేట్ కార్లకు పునాది ఈ బండే. అందువల్లే విజయవాడ ఆటోనగర్‌లో ఓపికగా తిరిగితే ఇప్పటికీ కొన్ని సామాన్లు దొరుకుతాయి. నేను ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని, 26 ఏళ్లు ఒక చక్కెర కర్మాగారంలో చేశాను. ఇంజన్ల మెకానిక్కును మాత్రం కాను.

ఏళ్ల తరబడి కదలని డీజిల్ ఇంజనుకు కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకండి. పిస్టను రింగులు సిలిండరు గోడలకు పట్టుకుని ఉంటే ఆ ఒక్క దెబ్బకే విరగవచ్చు. నేను స్టార్టింగుకు ముందు ఇంజనును లోపల వేడెక్కించే నాలుగు హీటర్ ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో రెండేసి చెంచాల ఇంజను ఆయిలు, డీజిలు కలిపి పోశాను. రోజూ సాయంత్రం క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి మెల్లగా ఆడించేవాణ్ణి. నాలుగు రోజులు రాయిలా ఉంది. ఐదో రోజు పానా అంగుళం కదిలింది. మరో గంటకు చుట్టు మొత్తం తిరిగింది. ప్లగ్గులు తిరిగి బిగించే ముందు సెల్ఫ్ కొట్టి ఆ నూనెనంతా బయటికి చిమ్మించాలి. లోపల మిగిలితే దాన్ని నొక్కి కుదించడం పిస్టను వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

తర్వాత తుప్పు. ఒక షెడ్డులో అడిగితే, వారంలో లప్పం పెట్టి, రంగు కొట్టి, కొత్త బండిలా మెరిపించి ఇస్తామన్నారు. నాకు మనసొప్పలేదు. లప్పం గట్టి రేకు మీది సొట్టను సరిచేయడానికి పనికొచ్చేదే తప్ప రేకుకు బదులుగా నిలిచేది కాదు. తుప్పు మీద పూస్తే తడి కింద ఉండిపోతుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి పొక్కులు లేచి ఊడిపడుతుంది. అమ్మేసే బండికి అలా చేసినా తప్పే. మన ఇంటివాళ్లను ఎక్కించుకునే బండికి ఎలా చేస్తాం?

చిన్న సుత్తి తీసుకుని క్యాబిన్ నేలంతా తట్టుకుంటూ వెళ్లాను. మంచి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు అట్టను కొట్టినట్టు పలుకుతుంది. అలా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాను. పని పూర్తయ్యేసరికి నేల మీద సగానికి పైగా గీతలే. అయితే అసలు సంగతి నేలలో లేదు. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న బెజ్జాలు ఉంటాయి. వాటి నిండా ఈకలు, గడ్డి, మట్టి కూరుకుపోయాయి. అద్దం పక్కనుంచి దిగిన వాననీరు పోయే దారి లేక తలుపులోనే నిలిచి, అంచులు దాటి నేల మీదికి కారింది. ఆ బెజ్జాలు శుభ్రం చేయకుండా ఎంత గట్టి రేకు వేసినా లాభం లేదు.

వెల్డింగు మా బావమరిది చేశాడు. పుచ్చిన భాగాన్ని గ్రైండరుతో మంచి రేకు తగిలేదాకా కోసి, 18 గేజి రేకు కత్తిరించి పెట్టాం. వరసగా అతికితే వేడికి రేకు వంకరపోతుంది. అందుకని ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క అర అడుగు అవతల. "బావా, ఇలాగైతే దసరా దాకా పడుతుంది" అన్నాడు. పట్టనివ్వమన్నాను. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు, డైనమో (ఆల్టర్నేటరు) వైర్లు విప్పేశాం. లేకపోతే డైనమోలోని డయోడ్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

తలుపు బందులు, క్లిప్పులు, చిన్న బ్రాకెట్లు మాత్రం గీకడం నా వల్ల కాలేదు. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి, గుప్పెడు బట్టల సోడా కలిపి, తుప్పు సామానును బ్యాటరీ చార్జరు నెగటివ్ వైరుకు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్ వైరుకు కట్టి ముంచాను. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు అసలే పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీటిలో కలుస్తుంది. పైకి వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి ఆరుబయటే చేయాలి. ఒక రాత్రి గడిచాక తుప్పు నల్లటి మడ్డిలా మారింది, బ్రష్షుతో తోమగానే ఊడింది. వెంటనే ఆరబెట్టి రెడ్ ఆక్సైడు కొట్టకపోతే గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది.

ఇంజను స్టార్టయిన రోజు వీధిలో సగం మంది వచ్చారు. కష్టం ఆ మర్నాడు మొదలైంది. పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడితే గాలి కలిసిన నురగ వస్తుంది. నురగ పోయి డీజిలు నిండుగా వచ్చాక బిగిస్తే వెంటనే అందుకుంటుంది. రోజంతా బాగుంటుంది. రాత్రి గడిస్తే మళ్లీ మామూలే. గొట్టాలు మార్చాను, ఫిల్టరు మార్చాను, ట్యాంకు దింపి కడిగాను. రెండు నెలలు గడిచాయి. డీజిలు ఒక్క చుక్క కూడా కింద పడటం లేదు. గాలి ఎక్కడినుంచి వస్తుందో తెలియలేదు.

చివరికి ఇంజను డీజిలు పంపుకు వెళ్లే దారిలో మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తాత్కాలికంగా పెట్టాను. ఇంజను నడుస్తుండగా అందులో ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ గొట్టాన్ని ఒక్కో జాయింటు దాటించి వెనక్కి జరుపుకుంటూ పోయాను. ఫిల్టరుకు డీజిలు చేరే చోట బోల్టు కింది రాగి వాషరు దాటగానే బుడగలు కనిపించలేదు. చూస్తే దాని మీద వెంట్రుకంత గీత. పీల్చే వైపు కాబట్టి డీజిలు బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది.

కొత్త వాషరు ఆ రోజు దొరకలేదు. పాతదాన్ని నున్నని రాయి మీద అరగదీసి, వంటింట్లో గ్యాసు పొయ్యి మీద పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చాను. మంటకు అంచు ముందు ఆకుపచ్చగా కనిపించి, తర్వాత వాషరంతా దానిమ్మగింజ రంగుకు తిరిగింది. గిన్నెలో నీళ్లలో వేస్తే చుయ్యిమంది. "నీళ్లలో వేస్తే గట్టిపడదా?" అని మా ఆవిడ అడిగింది. గట్టి ఉక్కైతే అలాగే అవుతుంది. రాగి అలా కాదు, కాల్చితే మెత్తబడుతుంది, నీళ్లలో వేసినా మెత్తగానే ఉంటుంది. మెత్తటి వాషరు బోల్టు కింద నలిగి, సందులన్నీ మూస్తుంది. ఆ మర్నాడు పొద్దున హీటర్లు వేడెక్కాక ఒక్క సెల్ఫుకే అందుకుంది. నేను బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడ్డాను.

బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలి తీసేటప్పుడు మా అమ్మాయి పెడలు దగ్గర కూర్చుంది. నేను ఎడమ వెనక చక్రం కింద పడుకున్నాను, పెడలుకు అన్నిటికంటే దూరం అదే కాబట్టి. "తొక్కమ్మా... పట్టుకో... వదులు." నేను వదలమనే లోపు వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఒక్కసారి కూడా తొందరపడలేదు. నాలుగు చక్రాలకు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో కాలేజీ కబుర్లు నాకు మునుపెన్నడూ చెప్పనన్ని చెప్పింది.

ఫిట్‌నెస్ అయింది. మే నెలలో 40 ట్రేల చిన్న రసాలు వేసుకుని నున్న వెళ్లి వచ్చాం. లోడు బాడీ నేల మీద పాత గంపల గీతలు ఉన్నాయి, వాటిని రంగుతో కప్పలేదు.

జూన్‌లో మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. క్యాబిన్‌లో పట్టా ఎత్తి అరచెయ్యి ఆనించాను. పొడిగా ఉంది. కిందికి వంగి ఎడమ తలుపు అడుగున వెలుగు వేశాను. బెజ్జంలోంచి నీరు బొట్టు బొట్టుగా మట్టిలోకి కారుతోంది.