యేసు ప్రభువు ఏ చర్చికి వెళ్ళేవాడు?

ఆదివారం, రాత్రి

సండే స్కూల్లో ఇవాళ ఒక చిన్నవాడు లేచి అడిగాడు, "అక్కా, యేసు ప్రభువు ఏ చర్చికి వెళ్ళేవాడు?" అని. మిగతా పిల్లలు నవ్వారు గానీ నాకు ఎంత సంతోషమేసిందో! చెప్పాలనుకున్న పాఠం పక్కన పెట్టి లూకా 4వ అధ్యాయం తీయించాను. విశ్రాంతి దినాన యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరానికి వెళ్ళడం ఆయనకు అలవాటు. నజరేతులో ఆ రోజు చదవడానికి లేచి నిలబడితే యెషయా ప్రవక్త గ్రంథం చేతికిచ్చారు. విప్పి చదివాడు, మళ్ళీ చుట్టి పరిచారకుడికి ఇచ్చేసి కూర్చున్నాడు.

"బైబిల్ని చుట్టడమేంటక్కా?" అన్నారు పిల్లలు. ఫోన్లో కుమ్రాను యెషయా చుట్ట ఫోటో చూపించాను. 1947లో మృత సముద్రం పక్క గుహల్లో బయటపడిన చుట్టల్లో అదొకటి. 17 తోలు ముక్కలు వరసగా కలిపి కుట్టారు, పొడవు ఏడు మీటర్ల పైనే. యేసు పుట్టడానికి సుమారు వందేళ్ళ ముందే రాసినది. ఆయన చేతిలో పెట్టింది కూడా ఇలాంటిదే అయ్యుంటుందని చెప్తే, పిల్లలు ఫోటోని వేళ్ళతో పెద్దది చేసుకుని ఆ కుట్లు వెతుక్కున్నారు.

తర్వాత ఆరాధనలో వర్తమానం ఇచ్చినాయన పాత నిబంధనతో, అంటే బైబిల్లో యేసుకి ముందటి యూదుల గ్రంథాలతో, మనకిక పనిలేదన్నారు. యూదుల గురించి కూడా చాలా కఠినంగా మాట్లాడారు. మనసుకి బాధేసింది. ఈ మాట కొత్తది కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఆయన రోముకొచ్చి ఇదే బోధించాడు. నల్ల సముద్రం తీరంలోని సినోపె ఊరివాడు, ఓడల యజమాని. సంఘానికి రెండు లక్షల సెస్టెర్సులు కానుక ఇచ్చాడు. అయినా 144లో రోము సంఘం ఆ డబ్బు తిరిగిచ్చేసి అతన్ని వెలివేసింది. అంత పెద్ద మొత్తం వదులుకుని మరీ వాళ్ళు మోషేనీ దావీదునీ యెషయానీ మన కోసం నిలుపుకున్నారు. ఈ సంగతి ప్రతి సంఘంలోనూ చెప్పాలి.

ఆ వర్తమానం అవగానే సంస్కారం, అంటే ప్రభువు చివరి రాత్రి శిష్యులతో చేసిన భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె తీసుకోవడం. మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ చెప్పేది చూస్తే ఆ రాత్రి భోజనం పస్కా భోజనమే. ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రిని తలుచుకుంటూ యూదులు తినే పులియని రొట్టె అది. భోజనమయ్యాక కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్ళారని మార్కు రాశాడు. పస్కా రాత్రి యూదులు ఈ రోజుకీ 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడతారు. ప్రభువు, శిష్యులు పాడింది కూడా వాటినేనని చాలామంది పండితుల అభిప్రాయం. "ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి ఆయెను" అనే మాట 118లోనిదే. తెల్లారితే సిలువ అని తెలిసిన మనిషి నోట ఆ మాట ఎలా పలికిందో అని రొట్టె అందుకుంటున్నంతసేపూ అనుకున్నాను.

సాయంత్రం అమ్మ బైబిల్ తీశాను. కీర్తనల దగ్గర పేజీలు నలిగి, అంచులు చిరిగిపోయాయి. పాత నిబంధనలోని లేవీయకాండం పేజీలు మాత్రం ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. మెల్లగా విడదీసి 19వ అధ్యాయం పైకి చదివాను. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" దగ్గరికి రాగానే, "అది ప్రభువు చెప్పింది కదా?" అంది అమ్మ. ప్రభువు చెప్పాడు, ఆయన నేర్చుకున్నది ఇక్కడి నుంచే అన్నాను. ఆ పైనే ఇంకో ఆజ్ఞ ఉంది: పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకీ పరదేశులకీ వదిలెయ్యాలి.

అమ్మ చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. "మీ అమ్మమ్మతో కలిసి నేనూ పరిగె ఏరుకున్నానే. వరి కుప్పేశాక బుట్టలు పట్టుకుని పోయేవాళ్ళం. కొంతమంది రైతులు ఏరుకోనిచ్చేవాళ్ళు. కొంతమంది తరిమేవాళ్ళు." కాసేపాగి, "దేవుడు రాయించాడని అప్పుడు తెలిస్తే ధైర్యంగా ఏరుకునేదాన్ని" అంది.

వచ్చే వారం పిల్లలకి రూతు కథ చెప్తాను. బేత్లెహేము పొలాల్లో పరిగె ఏరుకున్న మోయాబు పిల్ల, దావీదుకి ముత్తవ్వ. ఆమె పేరు మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలో ఉంది. యూదులు ఆమె పుస్తకాన్ని వారాల పండుగకి చదువుకుంటారు, మనం పెంతెకొస్తు అనుకునే పండుగ అదే. అమ్మని కూడా క్లాసుకి రమ్మన్నాను. పరిగె ఎలా ఏరతారో చేసి చూపిస్తానంది.