శనివారం. ఇంకా 8 కరెంట్లు

ఇవాళ, రేపు కరెంటు లేదు. ఇంటి కరెంటు సంగతి కాదు, ఈ రోహిణి ఎండలకు అది ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. నేననేది నాయనకు పెట్టే కరెంటు. రేడియేషన్‌ను మా కొండపి వైపు అట్లాగే అంటారు. వారానికి 5 రోజులు, మొత్తం 30. నిన్నటికి 22 అయ్యాయి. శని, ఆదివారాలు నెల్లూరు ఎండలో ఆటో ఎక్కే పని లేదు, అదే పండగ.

పొద్దున్నే తూకం చూసి పుస్తకంలో రాశాను. 57.4. మార్చిలో బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు 63 ఉండేవాడు. మొన్న గురువారం 57.

ఆ గురువారమే ముక్కులోంచి కడుపులోకి ఫీడు పంపే గొట్టం, రైల్స్ ట్యూబు వేయించాం. నిజానికి రెండు వారాల ముందే వేయించాల్సింది. డాక్టరు గారు అడిగారు కూడా. "ఇంకో నాలుగు రోజులు చూద్దాం సార్" అన్నది నేనే. మా తాతకు ఆఖరి వారంలో వేశారు ఆ గొట్టం, నా మనసులో గొట్టమంటే అదే. నోరు మానాక తీసేస్తామని ఆయన చెబుతున్నా నా చెవికెక్కలేదు.

మూడో వారం నుంచే నాయనకు నోరంతా పూసింది. ఉమ్ము జిగురై తీగలు సాగేది. ఏది పెట్టినా "తుప్పు రేకు నాకినట్టుండాది పాపా" అనేవాడు. అర గ్లాసు రాగిజావ గంటసేపు పట్టుకుని కూర్చుని, "తాగేశాలే" అని ఖాళీ గ్లాసు ఇచ్చేవాడు. ఒకరోజు సింకు జాలీలో రాగి మడ్డి కనపడింది. అడగలేదు. అడిగితే ఇద్దరం ఏడవాల్సి వచ్చేది. కానీ తూకం మిషన్‌కు మొహమాటం లేదు కదా.

గొట్టంతో నాకింకా చేయి తిరగలేదు. మొదట ముక్కు దగ్గర పెట్టిన గుర్తు కదిలిందా చూడాలి. నాయనను నిటారుగా కూర్చోబెట్టాలి, అయ్యాక కూడా ముప్పావు గంట పడుకోనివ్వకూడదు. ముందు కాసిని నీళ్ళు, తర్వాత ఫీడు, మళ్ళీ నీళ్ళు. సిరంజి పైకెత్తి పట్టుకుంటే దానంతటదే దిగాలి, నెట్టకూడదు. ఇవన్నీ నర్సమ్మ చెప్పినవే, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. అయినా ఇవాళ పది గంటల ఫీడులో తప్పు చేశాను. ఉగ్గుపిండి ఒక చెంచా ఎక్కువ వేస్తే బలం కదా అనుకున్నాను. చల్లారేసరికి గంజి గడ్డకట్టినట్టయి ట్యూబులో ఇరుక్కుంది. చెమటలు పట్టాయి నాకు. గోరువెచ్చని నీళ్ళు సిరంజితో మెల్లగా లోపలికి, బయటికి ఆడిస్తే పావుగంటకు వదిలింది. నాయన కళ్ళతోనే నవ్వాడు. మధ్యాహ్నం నుంచి పాత పలచటి వాయిల్ చీర ముక్కలో రెండుసార్లు వడకట్టాను.

పదకొండింటికి కావలి నుంచి మేనత్త వచ్చింది, రెండు కొబ్బరిబోండాలు, మాకోసం మామిడికాయ వేసిన చేపల పులుసు పట్టుకుని. అన్నను చూడగానే వాకిట్లోనే కూలబడింది. "గొట్టమేందే, ఇంకేముందే" అని. తేరుకున్నాక మొదలుపెట్టింది: పాలు వద్దు చీము పడుతుంది, నూనె అసలొద్దు, బార్లీ నీళ్ళు పొయ్యి, కాదంటే పచ్చిగుడ్డు కొట్టి పొయ్యి.

అత్తను ఏమనగలను? నేనూ అట్లాగే పెరిగాను. మన ఇళ్ళలో మనిషి మంచాన పడితే చారునీళ్ళు, బ్రెడ్డు, పలచటి జావ. జ్వరానికి అది సరిపోతుంది, నాలుగు రోజుల్లో లేస్తారు. ఇది ఆరు వారాల పని, పైగా వారం వారం కీమో. డైటీషియన్ అమ్మాయి మొదటి రోజే చెప్పింది: కిలోకు 30 కాలరీలు, అంటే ఇప్పటి తూకానికి రోజుకు 1,700, మాంసకృత్తులు 70 గ్రాముల దాకా. గ్లాసు కొబ్బరినీళ్ళలో 50 కాలరీలుంటే ఎక్కువ. అదే గ్లాసులో గేదెపాలు, వేయించి పొడిచేసిన బియ్యం పెసరపప్పు పిండి, చెంచా వేరుశెనగ నూనె పడితే 300. కడుపులో పట్టేది అంతే గ్లాసు. పచ్చిగుడ్డు మాత్రం వద్దే వద్దంది, కీమోలో తెల్లకణాలు తగ్గి ఉంటాయి, ఆ సమయంలో చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుందట. ఇదంతా అత్తకు చెప్పాను. "నూనె పోస్తే దగ్గు రాదా?" అంది. నోట్లోంచి కాదు కదత్తా అన్నాక కాసేపు ఆలోచించి, "అవునే" అంది.

మధ్యాహ్నం పులుసు తినడానికి పిల్లల్ని వంటింట్లో కూర్చోబెట్టాను. నాయన హాల్లోంచి చేయి ఊపాడు, ఇక్కడే తినమని. ఉప్పు, వంటసోడా వేసిన నీళ్ళు పుక్కిలించుకుంటూ వాళ్ళ పళ్ళాల వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

పళ్ళ సంగతి కూడా రాసుకోవాలి. కరెంటు మొదలు కాకముందే పాడైన నాలుగు పళ్ళు తీయించమన్నారు, తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టమట. దానికోసం పొగతోట వెళ్ళాం. నెల్లూరులో డాక్టర్లందరూ ఉండే పేట పేరు పొగతోట కావడం ఏమిటో! బోర్డు చదివి నాయన, "ముప్పై ఏళ్ళు పొగాకేశాను, చివరికి పొగతోటకే తెచ్చావే" అన్నాడు. పొగాకు ముక్క బుగ్గన పెట్టుకోవడం ఆయనకు బ్యారన్ దగ్గర, అదే ఆకును మంట వేడికి ఆరబెట్టే కొట్టు దగ్గర పట్టుకున్న అలవాటే. ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్ళు నిద్ర ఆపుకోవడానికి.

సాయంత్రం నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు పళ్ళ మధ్య దూర్చే వ్యాయామం. నిన్న 11, ఇవాళా 11. తర్వాత నోటితో నీళ్ళు, చెంచా చొప్పున 5 సార్లు. ట్యూబు ఉంది కదాని మింగడం మానేస్తే గొంతు మరిచిపోతుందన్నారు. మంట పుడుతుందని మొహం తిప్పుకున్నాడు, కానీ మింగాడు. దగ్గు రాలేదు.

ఏడు, పది, ఒకటి, నాలుగు, ఏడు, పది. రాత్రి ఆఖరి ఫీడు పట్టుకుని నిలబడితే నాయన గడియారం చూసి, ముద్దగా, "బ్యారన్ కాపలా మాదిరే ఉండాదే నీకు" అన్నాడు. మంట తగ్గితే ఆకు చెడిపోతుందని నన్ను పదేళ్ళప్పుడు కట్టెలు అందించడానికి లేపేవాడు.

పుస్తకం అడిగి తీసుకున్నాడు. బేళ్ళ లెక్క చూసినట్టు ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు. 57.4 దగ్గర ఆగి, పెన్ను తీసుకుని కింద రాశాడు:

"లుంగీ తరుగు తీయలేదు."